సార్ లేకుండా ములకలపల్లి కుంటకు

ఈ దారిలో మూడేళ్లు మా రీసెర్చ్ గైడ్ సార్ వెంట వెళ్లాను. 2009 మార్చిలో మొదటిసారి ఒంటరిగా బయలుదేరాను. సార్ జనవరిలో గుండెపోటుతో పోయారు. జింక్ ఆక్సైడ్ నానో పొడి నీటి మొక్కలను ఏం చేస్తుందన్నది మా పరిశోధన. క్రీముల్లో, రంగుల్లో వాడే ఆ పొడి రేణువులు కంటికి ఆనవు. కడిగేస్తే చేరేది నీళ్లలోకే. ఆఖరి ప్రయోగం మిగిలిపోయింది. దానికి మళ్లీ మొక్కలు కావాలి.

ఖానాపురం హవేలిలో ఆరింటికి షేర్ ఆటో ఎక్కి, ఐదు రూపాయలకు ఖమ్మం బస్టాండు చేరాను. కొత్తగూడెం దాకా రెండు గంటలు పైనే పట్టింది. అక్కడ బస్సు మారి ములకలపల్లిలో దిగేసరికి పదిన్నర. ఊరి బయటి కుంటకు ఆటో కిరాయి ముప్పై.

"గా కుంటల ఏమున్నది మేడం, నాచు తప్ప?" అన్నాడు డ్రైవర్.

"దానికోసమే," అన్నాను.

గట్టున ముత్తమ్మ ఇప్పపూలు ఆరబోస్తోంది. ఏటా సార్‌కు మొక్కలున్న చోటు చూపించేది ఆమే. నన్ను చూసి, నా వెనక దారివంక చూసింది.

"సార్ ఏడి బిడ్డ?"

"సార్ పోయారమ్మా. రెండు నెలలైంది."

చేతిలోని పూలు కింద పోసి లేచింది. నా సీసాలవంక చూస్తూ అడిగింది. "గీ మొక్కల్ని తీస్కపోయి ఏం జేస్తరు? సార్‌నడిగితే మంచిగ జూస్కుంటం అన్నడు."

అబద్ధమాడబుద్ధి కాలేదు. "తొట్లలో వేసి ఒక పొడి కలుపుతాం. ఎక్కువ కలిపితే వేళ్లు కురచబారి, ఆకులు తెల్లబడి చచ్చిపోతాయి. ఒక్క తొట్టిలో మాత్రం ఏమీ కలపం. దాంతో పోల్చి చూస్తాం."

"గది సార్ నాకు చెప్పలే."

చీర ఎగ్గట్టి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగింది. పెసరబద్దలంత ఆకులతో తేలుతున్న మొక్కలను దోసిళ్లతో తీసి నా రెండు సీసాలూ నింపింది. ఆఖరున ఒక గుప్పెడు విడిగా పట్టుకొచ్చింది.

"గివి ఏం కలపని తొట్టిల ఎయ్యి బిడ్డ. సార్ పేరు మీద."

సరేనన్నాను.

ప్రయోగంలో అలా ఎంచి వేయకూడదు. మొక్కలన్నీ కలిపి, చీటీలు తీసి తొట్లకు పంచాలి. మొక్కలు చచ్చిపోతాయని సార్ ఆమెకు ఎందుకు చెప్పలేదో తిరుగు బస్సులో అర్థమైంది. తెలిస్తే కొన్నిటినైనా బతికించమని అడుగుతుంది. పది రోజుల్లో పొడి ఎక్కువగా కలిపిన తొట్లలో ఆకులు తెల్లబడ్డాయి. వాటిని లెక్కపెడుతూ, సార్ పోయాక మొదటిసారి ఏడ్చాను. ఆ గుప్పెడు మాత్రం ప్రయోగంలో కలపలేదు. సార్ గది కిటికీలో, గిన్నెడు నీళ్లలో వేశాను.

మీరూ ఇలా మొక్కల కోసం వెళ్తే, అవసరానికి మించి ఒక సీసా పట్టుకెళ్లండి. ఆ రోజు నా దగ్గర లేక, తాగే నీళ్ల సీసా ఖాళీ చేసి ఆ గుప్పెడు అందులో తెచ్చాను.