గోడవైపు జరిగే పొయ్యి

తోమాస్ గారు ఎవరింటికెళ్లినా ముందు పలకరించేది మనుషుల్ని కాదు, పొయ్యిని. మనం "రండి" అనేలోపే జేబులోంచి దర్జీ టేపు తీసి, పొయ్యికీ గోడకీ మధ్య ఎన్ని అంగుళాలో కొలిచేసేవారు. ఆయన అగ్గిబీమా ఏజెంటు. కట్టెల పొయ్యి ఉన్న ఇంటికి బీమా కావాలంటే పొయ్యి గోడకి మూడడుగుల దూరంలో ఉండాలి, కింద రేకు పరిచి ఉండాలి. లోకంలో మిగతా ధర్మాలన్నీ ఆయనకి వీటి తర్వాతే.

టాటానగర్ భాలుబాసా పేటలో సొంత మేనకోడలి పెళ్లిలో కూడా ఊరుకోలేదు. గాడిపొయ్యి నుంచి పందిరి గుంజ దాకా టేపు చాపి, "రెండడుగులే ఉంది. పందిరైనా జరపండి, పులుసైనా దించండి" అని అడ్డంగా నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన ఆపి గుంజ పట్టుకోవాల్సొచ్చింది.

అదే ఊళ్లో మాంగో పేటలో మాది పెంకుటిల్లు. మా ఆయన టాటానగర్ స్టేషన్లో రైలు గార్డు. ఒక దొరగారు దేశం వెళ్లిపోతూ సామాన్లు వేలం వేస్తే, నాలుగు కాళ్ల ఇనప పొయ్యి కొని తెచ్చి, గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టి, చలికాలమంతా గదిలో వెలిగించేవారు. ఒక ఏడు కార్తీకంలో ఆయన పోయారు. బీమా నా పేరుకి మారాలంటే పొయ్యి మళ్లీ పాసవ్వాలి. పాసవకపోతే తీసెయ్యాలి. ఆయన తన చేతుల్తో నిలబెట్టింది ఇంట్లో అదొక్కటే.

పొద్దు వాలగానే కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి పొయ్యి ముందు కూర్చునేదాన్ని. ఉక్కు కార్ఖానాలో కరిగిన ఇనప చిట్టెం పారబోసినప్పుడల్లా గోడలు ఎర్రబడి ఆరిపోయేవి. అప్పుడు నా వెనక అడుగుల చప్పుడు వినపడేది. తల తిప్పి చూడాలంటే కళ్లు తిరిగేవి.

అలాంటి ఒక సంజెవేళ, వీధిలో పరుచుకున్న పొగలో ఒక తెల్ల మఫ్లరు మాత్రం తేలుతూ వచ్చి మా గుమ్మంలో ఆగింది. దాని కింద మనిషి కనపడ్డానికి కొంత సేపు పట్టింది.

"తలుపు తియ్యమ్మా, పొయ్యిని చూత్తాను" అంది మఫ్లరు.

తోమాస్ గారు లోపలికొస్తూనే ముక్కు ఎగబీల్చి, పొగ కమ్మేసిందంటూ కిటికీలో గుడ్డలన్నీ పీకేశారు. "జానెడు తెరిచుండాల. రూలు."

"చలండీ అన్నయ్యగారూ."

"చలికి కంపెనీ పూచీ లేదు. అన్నం తిన్నావా?"

"అదేటండీ, అదీ రూలేనా?"

"మరేటి! కడుపు ఖాళీగా ఉండి, కళ్లు తిరిగి నిప్పుల్లో పడితే నష్టం ఎవరికి? కంపెనీకి. ఏదీ, టీ పెట్టుకురా."

నేను టీ తెచ్చేసరికి టేపు పరిచి ఉంది. "ముప్పై నాలుగు. ఫెయిల్. సరిగ్గా పెట్టుకో, రేపొత్తాను."

మర్నాడు మధ్యాహ్నం పొయ్యిని ముప్పై ఆరు అంగుళాలకి జరిపి, కాళ్ల చుట్టూ సుద్దగీత గీశాను. సాయంత్రం ఆయన కొలిస్తే ముప్పై నాలుగు. కాళ్లు గీత దాటి గోడవైపు వెళ్లాయి. ఇలా ఒక రోజు కాదు, పది రోజులు. కిటికీ తెరిచినప్పటి నుంచీ అడుగుల చప్పుడు మానేసింది కానీ పొయ్యి నడక మానలేదు.

పక్కింటి నూకమ్మకి చెప్పాను. "మీ ఆయనకి గోడ వెచ్చబడితే వీపు ఆనించి కూసోడం ఇష్టం కదేటి!" అంది నూకమ్మ. నిజమే, ఆయన అలాగే కూర్చునేవారు. నూకమ్మ వెళ్లి ఎర్రనీళ్లలో ముంచిన నిమ్మకాయ తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. సాయంత్రం తోమాస్ గారు దానికీ టేపు పెట్టారు. "పొయ్యికి అంగుళం దూరంలో నిమ్మకాయ! తీసెయ్యండి, ఎండితే అంటుకుంటాది."

భయపడ్డానా అంటే, భయపడ్డాను. కానీ సాయంత్రమయ్యేసరికి ఎదురుచూసేదాన్ని కూడా. రూలుందని అన్నం తిని మరీ కూర్చునేదాన్ని.

ఆ నెలాఖరులో బీమా కంపెనీ నుంచి తపాలా వచ్చింది. అంతా ఇంగ్లీషు. మెట్రిక్ చదువుతున్న నూకమ్మ కూతురు గౌరీదేవిని పిలిచి చదివించాను.

"పిన్నీ, యే తో పాస్ హో గయా! మీ పేరుకి మార్చేశారు. తోమాస్ గారు మొదటిసారి వచ్చిన తారీకే వేసుంది."

"రూళ్లేటున్నాయే?"

"గోడకి మూడడుగులు, కింద రేకు. బస్, ఇంతే."

"కిటికీ జానెడు తెరవాలని?"

"నహీఁ."

"అన్నం తినాలని?"

గౌరి నావంక జాలిగా చూసింది. "బీమా కంపెనీకి మీ అన్నంతో ఏటి పని పిన్నీ?"

ఆ సాయంత్రం టీకి నీళ్లు పెట్టి, వంటింటి తలుపు సందులోంచి చూశాను. తోమాస్ గారు అటూ ఇటూ చూసి, చెప్పు విప్పి, ఇంకా వెలిగించని పొయ్యి కాలికి తన కాలు ఆనించి, "జరుగు తల్లీ, రెండంగుళాలు జరుగు, రేపు మళ్లీ రావాల" అని బతిమాలుతూ తోస్తున్నారు. మొహం కందగడ్డలా ఉంది. అరవై ఏళ్ల మనిషి, ఇనప పొయ్యి!

ఏమీ ఎరగనట్టు టీ ఇచ్చాను. "ముప్పై నాలుగు" అన్నారు, వగరుస్తూ. "అయ్యో" అన్నాను.

మర్నాడు ఆయన రాకముందే పొయ్యిని నేనే సుద్దగీత నుంచి గోడవైపు నాలుగంగుళాలు తోసేసి, వంటింట్లోకెళ్లి నిలబడ్డాను. లోపల టేపు గరగరమంది. ఆగింది. మళ్లీ గరగరమంది. తర్వాత మంచం కిర్రుమంది.

"అమ్మా!" అని సన్నగా ఒక పిలుపు. వెళ్లి చూస్తే తోమాస్ గారు మంచానికి అంటుకుపోయి, రెండు కాళ్లూ పైకి పెట్టుకుని కూర్చున్నారు. మఫ్లరు తలచుట్టూ బిగించేశారు.

"ముప్పై రెండు ఉందమ్మా! నేనింకా..." అని నాలుక కరుచుకున్నారు. "దీన్ని ఎవరు జరిపేరు?"

"నాకేటి తెలుసండీ" అన్నాను. మా ఆయన పోయాక నాకు నవ్వాపుకోవాల్సిన పని పడడం అదే మొదలు. "ఇలా రోజూ జరిగిపోతుంటే ఎలాగండీ? రేపు కూడా వచ్చి చూడాలేమో. పెందలాడే రండి, అన్నం ఇక్కడే తిందురుగాని. రూలు."