చెరువు వైపు తిరిగి నిలబడేవాళ్ళం

మొన్న ఆకివీడు నుంచి ఏలూరు వచ్చే బస్సులో, నా పక్క సీటు అమ్మాయి ఫోను స్పీకరులో పెట్టుకుని ఆడపడుచుతో తగువంతా బస్సుకి వినిపిస్తూంటే, నా ముఖం దానంతటదే కిటికీ వైపు తిరిగిపోయింది. అది నా గొప్పతనం కాదు, కొల్లేటి లంకలో పంతులమ్మగా పనిచేసిన రోజుల్లో ఒంటబట్టిన అలవాటు.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన కాలం. ఆ ఊళ్ళో సిగ్నలు చేపల చెరువు గట్టు మీద, అదీ మోటారు షెడ్డు దగ్గర నాలుగడుగుల మేరే అందేది. సాయంత్రమయ్యేసరికి ఫోనున్న వాళ్ళూ లేనివాళ్ళూ అక్కడే చేరేవాళ్ళం. ఎవరూ నేర్పని మర్యాద ఒకటుండేది: ఒకరు మాట్లాడుతుంటే మిగిలిన వాళ్ళంతా చెరువు వైపు తిరిగి నిలబడాలి. చెవులు మూసుకోలేం కదా, కనీసం ముఖం చూడకూడదన్న మాట. విన్నది గట్టు దిగి ఊళ్ళోకి రాకూడదు.

నాకు పెళ్ళిచూపులైన వారానికి, ఓ సాయంత్రం గట్టు మీదుండగా, నేను అద్దెకున్న ఇంటాయన ఫోనుకి తాడేపల్లిగూడెం నుంచి పెళ్ళికొడుకే చేశారు. పెద్దవాళ్ళు సరేననుకున్నారట గాని, ఆ రోజు నేను తల ఎత్తనే లేదు కనుక, నా నోటితో వింటే తప్ప ఆయన ఒప్పుకోరట. నాకా, ఆయన ఎంతో నచ్చారు. ఆ మాటే గొణిగాను, సిగ్నలు మింగేసింది. మళ్ళీ గొణిగాను. అదీ అందక, నాకిష్టం లేక నసుగుతున్నాననుకున్నట్టున్నారు. తరవాత మెల్లగా, "పర్వాలేదండీ, మీ పేరు రానివ్వకుండా, నాకే కుదర్లేదని మావాళ్ళతో చెబుతానండి" అన్నారు.

సిగ్గూ బిడియమూ కొల్లేట్లో కలిపేసి, "నాకు ఇష్టమేనండీ, మీరు వద్దనకండి" అని గట్టు అదిరేలా అరిచాను.

ఒక్కరూ వెనక్కి తిరగలేదు. ఇంటాయన దీక్షగా చేపల్నే చూస్తున్నారు గాని, ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మర్నాడు బడిలోగాని వీధిలోగాని ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఇంటావిడ మాత్రం, ఏ పండగా కాకపోయినా, గిన్నెడు పరమాన్నం పంపించింది. ఎందుకని నేనూ అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో వంటింటి మూలకీ సిగ్నలుంది. ఆయన ముందుగదిలోంచి టీ కావాలని మెసేజి పెడతారు, నేను బొటనవేలి బొమ్మ పంపుతాను. హాయిగానే ఉన్నాం. కాకపోతే, ఇష్టమన్న మాట ఇన్నేళ్ళలో మళ్ళీ ఒక్కసారైనా ఆయనతో పైకి అన్నానా అంటే, లేదు. మెల్లగా చెప్పినా వినబడే రోజులొచ్చాక, ఆయనకి తెలుసులే అని ఊరుకున్నాను.