చెరిపేసిన రెండు పాయింట్లు

2022 వేసవిలో ఒక మధ్యాహ్నం, ఖరగ్‌పూర్‌లో తాల్‌బగీచా అంచున ఉన్న ఒక మైదానంలో రెండు గోతులు చూశాను. కొలిచాను. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని వాటిని నక్షాలోంచి చెరిపేశాను. పాతికేళ్ల సర్వే పనిలో తప్పులు చాలా చేశాను. కానీ లెక్క తప్పడం వేరు, తెలిసి చెరపడం వేరు.

నేను ప్రైవేటు సర్వేయరుని. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశారు. నాకు రైల్వే ఉద్యోగం రాలేదు, చైనూ టేపూ పట్టుకున్నాను. ఇప్పుడు పనంతా టోటల్ స్టేషన్‌తోనే. మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టే ఆ యంత్రం కాంతి కిరణం పంపి దూరం, కోణం కొలిచి, ప్రతి చోటుకీ ఒక నంబరు వేసి దాచుకుంటుంది. ఆ చోటునే పాయింట్ అంటాం. గట్టు, చెట్టు, బావి, కరెంటు స్తంభం, నేల మీద ఉన్నదల్లా పాయింటే. కొలిచింది నక్షాలో పెట్టాలా వద్దా అన్నది మాత్రం యంత్రం చేతిలో ఉండదు.

ఆ స్థలం ఓనర్లు కలకత్తాలో ఉంటారు. ఒక బిల్డరుకి అమ్మారు. ఇళ్లు కట్టాలంటే ముందు కన్వర్షన్ కావాలి, అంటే రికార్డులో ఆ భూమి తరగతి మార్పించాలి. దానికి నా రిపోర్టు జతచేస్తారు. అందులో ఒక గడి ఉంటుంది: స్థలం ఎవరి వాడకంలోనైనా ఉందా?

బిల్డరు మనిషి తపన్ నన్ను సరిగ్గా పన్నెండు గంటలకి రమ్మన్నాడు. అక్కడే అనుమానం వచ్చింది. ఆ ఎండలో యంత్రం కంటికి నేల అలల్లా ఊగుతుంది. అందుకే మేము పొద్దున్నో సాయంత్రమో కొలుస్తాం. వెళ్లేసరికి మైదానంలో పిట్ట కూడా లేదు. నడుమ గడ్డి అరిగిపోయి నేల నున్నగా ఉంది. దానికి రెండు చివర్లా రెండు గోతులు, కొత్తగా పూడ్చినవి. మట్టి ఇంకా తడిగా ఉంది.

"ఇవేమిటి తపన్?"

"దుర్గాపూజ పందిరి గోతులు, దాదా. వెదుళ్లు పాతుతారు కదా."

పందిరికి పాతేవి రెండు వెదుళ్లు కావు. వరసలు వరసలుగా ఉంటాయి. పైగా పూజ అయి ఆరు నెలలు దాటింది. అతను ఫోను మాట్లాడుతూ నీడకి వెళ్లినప్పుడు, రెండు గోతుల దగ్గరా చెరో ఇటుకముక్క నిలబెట్టి కొలిచాను. 41, 42 నంబర్లు పడ్డాయి.

అప్పుడు ఒక ఇల్లు కంటబడింది. మైదానం వారగా చిన్న పెంకుటిల్లు, దాని వెనక తలుపు ఇటే తెరుచుకుని ఉంది. మా వృత్తిలో వెనక తలుపంటే చెడ్డ గుర్తు. మొదట ఒక తలుపు, తరవాత బట్టలు ఆరేసే తీగ, ఆ తరవాత ఒక పాక. ఆక్రమణ అలాగే నడుస్తుంది. గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి నన్నే చూస్తోంది. పేరు నరసమ్మ అనీ, ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైందనీ తరవాత తెలిసింది.

"ఏటి బాబూ కొలుస్తున్నావు? ఎవులు పంపినారు?"

"స్థలం ఓనర్లు."

"సాయంకాలం రా ఓపాలి. అప్పుడు కొలు."

"సాయంకాలం ఏటుంది?"

"వొచ్చి సూడు. సెప్తే నమ్మే మొకం కాదు నీది."

తపన్ నా చెవి దగ్గరకొచ్చి, "ఆమె కన్ను ఈ మూల మీద ఉంది, దాదా. వంటగది కట్టుకుంటుందట," అన్నాడు. అతని గోతుల కథ నమ్మని నేను ఈ మాట వెంటనే నమ్మాను. అప్పటికే నేను అనుకుంటున్నది అదే కాబట్టి.

సాయంకాలం వెళ్లలేదు. గడిలో 'వాడకంలో లేదు' అని రాశాను. 41, 42 ఉంటే ఆఫీసు ప్రశ్నలు వేస్తుంది, పని ఆగుతుంది. తీసేశాను.

రెండు నెలలకి మైదానం చుట్టూ రేకులు లేచాయి. ఆ వారమే నరసమ్మ, భూమి రికార్డుల ఆఫీసులో తీయించుకున్న నా నక్షా జిరాక్సు పట్టుకుని గోల్‌బజార్‌లోని నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇందులో మా స్తంభాలేవి?"

"ఏ స్తంభాలు?"

"కోకో ఆట స్తంభాలు. పదకొండేళ్లుగా ఆడపిల్లలకి నేర్పుతున్నాను. నువ్వు రాకముందు రోజు పీకేసినారు."

"నేనొచ్చినప్పుడు లేవమ్మా."

"గోతులు కూడా లేవేటి?"

ఆ మూల కోసమే ఈవిడ ఇదంతా చేస్తోందని అప్పటికీ అనుకుంటున్నాను.

"పిల్లలు రోడ్డు మీద ఆడుతున్నారు. ఒకద్దానికి మోకాలు సీరుకుపోనాది. ఇద్దరు తల్లులు పంపడం మానేసినారు. ఇంకో నెలకి ఎవులూ రారు," అంది. గుమ్మం దాటబోతూ, "స్తంభానికీ స్తంభానికీ ఇరవైనాలుగు మీటర్లు. నీ మిషను కొలవలేదేటి?" అని వెళ్లిపోయింది.

యంత్రంలోంచి దించిన అసలు ఫైలు తెరిచాను. నక్షాలోంచి తీసినా అందులో పాయింట్లు అలాగే ఉంటాయి. 41కీ 42కీ మధ్య ఇరవైనాలుగు మీటర్లు, పైన మూడు సెంటీమీటర్లు.

నాలుగు రోజులు తాత్సారం చేశాను. లైసెన్సు పోతుందని భయం. అయిదో రోజు భూమి రికార్డుల ఆఫీసుకి ఆ ఫైలుతో పాటు ఒక అఫిడవిట్ ఇచ్చాను. రెండు పాయింట్లు నేనే తీసేశానని, సాయంత్రం వెళ్లి చూడకుండానే రాశానని ఒప్పుకున్నాను. విచారణలో బిల్డరు లాయరు, "ఇప్పుడు అవతలివాళ్ల మనిషివయ్యావా?" అన్నాడు. వెనక బెంచీలో నరసమ్మ పక్కావిడతో, "నిన్న ఆళ్ల మనిషి, నేడు మన మనిషి, రేపెవులి మనిషో," అనడం నాకు వినబడింది.

నా మీద వేరుగా విచారణ జరిగింది, ఆరు నెలలు లైసెన్సు ఆపారు. మైదానంలో దక్షిణం సగం అప్పటికే పునాదులకి తవ్వేశారు. అది తిరిగి రాదు. కన్వర్షన్ రద్దవుతుందన్న భయంతో ఉత్తరం సగం ఖాళీగా వదిలేందుకు బిల్డరు ఒప్పుకుని ప్లాను మార్చుకున్నాడు. ఇప్పుడు నేను ఏ స్థలానికైనా రెండుసార్లు వెళ్తాను, ఎండలో ఒకసారి, ఎండ దిగాక ఒకసారి. వెనక తలుపు కనబడితే కొట్టి, లోపలివాళ్లని అడుగుతాను.

మిగిలిన సగంలో కోకో ఆట కోర్టు పడుతుందా లేదా అన్నది చూడాల్సి ఉండింది. అవి ఇంకా నా లైసెన్సు ఆగిన రోజులు. ఒక ఆదివారం సాయంత్రం ఉత్త టేపు తీసుకుని వెళ్లాను. నరసమ్మ సున్నం డబ్బాతో నిలబడి ఉంది. టేపు చుట్ట విప్పబోతే నా చేతిలోంచి తీసేసుకుంది.

"సున్నా కొస నువ్వు అట్టుకో. ఇటు నాను సదువుతాను, నువ్వు రాసుకో. నువ్వు సదివింది నాను నమ్మను."

తిన్నగా వేస్తే పట్టలేదు. ఏటవాలుగా వేశాం. ఆమె కళ్లజోడు సవరించుకుని, వంగి, టేపు మీద వేలు పెట్టి ఒక్కో అంకే చదివింది. ఆమె చెప్పినట్టే రాశాను. కోర్టు పట్టింది. కాగితం చూపించి, కింద సంతకం పెట్టమన్నాను. రాసిందంతా రెండుసార్లు చదువుకుని అప్పుడు పెట్టింది.