మందు చుక్కలు లెక్కపెట్టిన సిస్టరమ్మ

జనగామ గ్రంథాలయంలో వైద్యం మీద ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ణి నేను. ఈ సిస్టరమ్మ ఓపిక వాటిలో ఎక్కడా కనబడలేదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

ఎనభైలలో మా ఎనిమిదేళ్ల బిడ్డకు రక్త క్యాన్సర్ వచ్చింది. పట్నం దవాఖానలో ఉండగా ఊపిరితిత్తులకు బూజు కూడా పట్టింది. ఆ బూజును చంపే మందు నరంలోకి ఎక్కిస్తే పిల్ల గజగజ వణికేది. వణుకు తగ్గకపోతే మందు ఆపాలన్నారు డాక్టరు. ఆపితే బిడ్డ దక్కదు.

సిస్టరమ్మది బయ్యారం. ఒక చెయ్యి పిల్ల నాడి మీద పెట్టి, మెల్లగా ఎక్కితే వణుకు తగ్గుతుందని గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టేది. పొద్దున మొదలుపెట్టిన సీసా అయ్యేసరికి పొద్దు వాలేది.

ఒకరోజు ఆమె అన్నానికి పోయింది. "బాపూ, ఎప్పుడైతది?" అని బిడ్డ ఏడ్చింది. తొందరగా అయిపోతుందని నేనే మందు పైపుకున్న చక్రం తిప్పి చుక్కల వేగం పెంచాను. కాసేపటికే మంచం ఊగేంత వణుకు. సిస్టరమ్మ ఉరికొచ్చి మందు ఆపి, దుప్పట్లు కప్పి, వణుకు తగ్గేదాకా బిడ్డను పట్టుకుంది. తిడుతుందనుకున్నాను.

"అన్నా, నడుమ పేజీలు ఇడిచిపెట్టి పుస్తకం చదువుతవా?"

"చదవ."

"మరి మందునెందుకు ఉరికిచ్చినవ్?"

మందు మళ్లీ మెల్లగా విడిచి, గడియారం చూసి, ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది. నెల రోజులు అట్లాగే లెక్కపెట్టింది. మందును పూర్తిగా మానిపించాల్సిన అవసరమే రాలేదు.

పుస్తకాలు వెతికిచ్చిన గ్రంథాలయం మల్లయ్యకు, రోజూ దవాఖానకు అన్నం మోసుకొచ్చిన మా చెల్లె సమ్మక్కకు, నా గీతలను ఓపికగా తిరగరాసి ఇచ్చిన అప్పటి ఆ ఎనిమిదేళ్ల బిడ్డ సుజాతకు కృతజ్ఞతలు.