బాబాయి కొట్టు ముందు చెప్పులు

మొన్న బెజవాడలో ఒక మాల్‌కి వెళ్ళాం. చీరల షాపు అద్దాల తలుపు చూడగానే నా కాళ్ళు వాటంతట అవే చెప్పులు విడిచేశాయి. "మేడం, చెప్పులతోనే రావచ్చండి," అన్నాడు సెక్యూరిటీ అతను. మా అమ్మాయి నేనెవరో తెలియనట్టు మొహం పక్కకి తిప్పుకుంది. తప్పు నాది కాదు, జగ్గయ్యపేటలో బట్టల కొట్టు నడిపిన మా బాబాయిది.

తొంభైల్లో నా సెలవులన్నీ ఆ కొట్లోనే గడిచాయి. నేలంతా పరుపులు, వాటి మీద మల్లెపువ్వులాంటి దుప్పట్లు. వచ్చినవాళ్ళు మెట్ల దగ్గర చెప్పులు విడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, బాబాయి ఒక్కో చీరా మడత విప్పి సరిగ్గా వాళ్ళ ఒళ్ళో పడేలా విసిరేవాడు. కొట్టంతా కొత్త గుడ్డల గంజి వాసన. కొట్టుకి పేరు రాసిన బోర్డు ఉండేది కానీ దాన్నెవరూ చదివేవారు కాదు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసే జనం లోపలికొచ్చేవారు. ఆ రహస్యం తెలిసిన బాబాయి, పొద్దున కొట్టు తియ్యగానే తన చెప్పులూ, గుమస్తా చెప్పులూ, కాఫీ తెచ్చిన పిన్ని చెప్పులూ నాలుగు వైపులకీ మొహాలు తిప్పి, ఎవరో హడావుడిగా విడిచినట్టు సర్దేవాడు. పాపం, పిన్ని చాలాసార్లు ఒట్టి కాళ్ళతో ఇంటికెళ్ళేది.

రెండువేల సంవత్సరం దాటాక నందిగామలో ఏసీ షోరూం వెలిసింది. బొమ్మలకి కట్టిన చీరలు చూడ్డానికి మా ఊరివాళ్ళు కూడా బస్సెక్కి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ ఏడు శ్రావణమాసంలో సైతం బాబాయి కొట్లో దుప్పటి నలగలేదు. "ఇలాగైతే కొట్టు మూసుకోవాల్సిందేనండీ," అంది పిన్ని. "మూసేదేంటే? మనమూ మారదాం," అన్నాడు బాబాయి. పరుపులు అటకెక్కాయి. టైల్సు, కౌంటర్లు, ఏసీ, నల్లద్దాల తలుపు, రెండు బొమ్మలు వచ్చాయి. తలుపు మీద "చెప్పులతో లోపలికి రావచ్చు" అని రాయించాడు. తీరా చూస్తే ఒక్కరూ రాలేదు. నల్లద్దంలోంచి లోపలేముందో కనబడదు, గుమ్మం ముందు చెప్పులూ లేవు, కొట్టు మూసేశారనుకుని అందరూ ముందుకెళ్ళిపోయేవారు. బాబాయి కంగారుపడి ఇంట్లోవాళ్ళ చెప్పులు మళ్ళీ గుమ్మం ముందు సర్దాడు. అవి చూసి ఆగిన ఒకరిద్దరూ తలుపు మీది రాత నమ్మాలా, కింది చెప్పుల్ని నమ్మాలా తేల్చుకోలేక అక్కడే నిలబడిపోయేవారు.

ఒకరోజు పరిటాల నుంచి ఒక మామ్మగారు, మనవరాలి పెళ్ళి బట్టల కోసం ఏడెనిమిది మంది ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చింది. అప్పుడు నేనూ కొట్లోనే ఉన్నాను. తలుపు మీది రాత చూడనైనా చూడకుండా చెప్పులు విడిచింది, వెనకాల అందరూ విడిచారు. లోపలికొచ్చి కౌంటర్ వంక ఎగాదిగా చూసింది. "నిలబెట్టి పెళ్ళి చీరలు కొనమంటావేంటయ్యా? నందిగామలోనూ ఇంతే. ఇక్కడా నిలబెడితే ఇంకెందుకొచ్చినట్టు?" అంటూ టైల్సు మీదే చతికిలబడింది. బాబాయి అమ్మకానికున్న కొత్త దుప్పట్లే దులిపి నేలంతా పరిచి, ఆవిడ ఎదురుగా కూర్చుని చీర విసిరాడు. బయట చెప్పులు చూసి ఇంకొందరొచ్చారు. వాళ్ళని చూసి మరికొందరు. సాయంత్రం నలిగిన దుప్పటి మడతపెట్టబోతే బాబాయి నన్ను ఆపాడు. "ఉండనీ అమ్మా," అంటూ దాన్ని చేత్తో నిమురుతూ కూర్చున్నాడు. ఆయన కళ్ళు చెమర్చడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. మర్నాటి నుంచి కొట్లో సగం కౌంటర్లు, సగం పరుపులు. కొట్టు నిలబడింది.

మాల్‌లో నేను చెప్పులు మళ్ళీ తొడుక్కుని బుద్ధిగా లోపలికెళ్ళాను. పట్టుచీరల విభాగంలో ఒక అరుగు, దాని మీద తెల్లటి పరుపు. "ఇదిప్పుడు కొత్త కాన్సెప్టమ్మా," అంటూ మా అమ్మాయి బూట్లు విప్పడం మొదలుపెట్టింది. బాబాయి ఉంటే ఆ బూట్లని ముందు గుమ్మం దగ్గర సర్దేవాడు. కాలం ఆగకుండా నడుస్తూనే ఉంటుందనుకుంటాం గానీ, దానికీ ఎప్పుడో కాళ్ళు నొప్పెడతాయి కాబోలు, చెప్పులు విడిచి కాసేపు కూర్చుంటుంది.