ఆర్చి పక్కన లేపలేని ఇల్లు

2021 ఎండాకాలం. ఎల్బీ నగర్ దాటి వనస్థలిపురం వైపు వెళ్లే దారికి దిగువన, పల్లంలో ఉన్న ఒక చిన్న కాలనీ. దాని మొదట్లోనే ఒకే గోడకు అటూ ఇటూ రెండు ఇళ్లుండేవి. నా పనిలో మరిచిపోలేని కేసు వాటిదే.

నేను ఇళ్లు లేపే మేస్త్రీని. కట్టిన ఇంటిని కూల్చకుండా, పునాది దగ్గర గోడల కింద వరసగా జాకీలు పెడతాం. నేను విజిల్ ఊదగానే పనివాళ్లందరూ ఒక్కసారే ఎవరి జాకీని వాళ్లు కాస్త తిప్పుతారు. ఇల్లు కంటికి కనపడనంత లేస్తుంది. అలా ఓపికగా లేపుతూ, కింద ఖాళీని ఇటుకలతో కట్టుకొస్తాం.

ఇల్లు లేపే అవసరం ఏమొచ్చిందని చాలామంది అడుగుతారు. ఇళ్లు కుంగలేదు, రోడ్లు పెరిగాయి. పాత తారును చెక్కి తీసి కొత్తది వేయాలి. ఆ చెక్కడాన్ని మిల్లింగ్ అంటారు. అది చేయకుండా పొర మీద పొర వేస్తూ పోతే, ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి మెట్టు దిగి వెళ్లాల్సి వస్తుంది. నాకు బడి చదువు తక్కువ. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి గదిలో ఉన్న రోజుల్లో, పని దొరకనప్పుడల్లా గ్రంథాలయంలో కూర్చుని పునాదుల మీద, రోడ్ల మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. మనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయానికీ ఒక వాటా ఉంటుందని తెలుసుకున్నది కూడా అక్కడే, తిరగని ఫ్యాను కింద.

ఆ రెండిళ్లలో ఒకటి రత్నకుమారి గారిది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ భర్తకు పక్షవాతం, ముందుగదిలో మంచం మీదే ఉంటారు. కిందటి వానాకాలం నీళ్లు ఆ మంచం పట్టెను తాకాయి. రెండోది, మూల మీద ఉన్నది, లింగస్వామిది. నల్లగొండ పల్లె నుంచి వచ్చాడు, బాటసింగారం పండ్ల మార్కెట్‌కు వ్యాను నడుపుతాడు. ఇద్దరూ ఒకేసారి ప్లాట్లు కొని, కలిసొస్తుందని మధ్యలో ఒకే గోడ కట్టుకున్నారు. రెండు స్లాబులూ దాని మీదే కూర్చున్నాయి. కాబట్టి రెండిళ్లూ కలిపే లేపాలి, లేదా గోడ దగ్గర కోసి విడదీయాలి.

“ఇద్దరం కలిసి లేపించుకుందాం తమ్ముడూ,” అన్నారు రత్నకుమారి గారు లింగస్వామితో. “మళ్లీ నీళ్లొస్తే ఈయన్ని ఎక్కడికి ఎత్తుకెళ్లను నేను?”

“జర ఆగక్కా. ఇప్పుడు నా చేతుల ఏం లేదు. అయినా ఇండ్లు లేపుడెందుకు? రోడ్డే దించుతమని ఆఫీసుల మాటిచ్చిండ్రు గద.”

“ఇస్తూనే ఉన్నారుగా, నువ్వు వింటూనే ఉన్నావుగా!”

చివరికి ముగ్గురం కలిసి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాం. పుస్తకాల్లో చదివింది, పనిలో చూసింది కలిపి అక్కడి ఇంజనీరుకు వివరించాను. ఆ కుర్రాడు శ్రద్ధగానే విన్నాడు.

“నువ్వు చెప్పింది కరెక్టే మేస్త్రీ. నేను చదివింది గూడ గదే. మిల్లింగ్ చెయ్యాలని రాసి పంపుత. పైన దాన్ని కొట్టేసి, ఉత్త తారుకే పైసలిస్తరు.”

“మరి మా ఇండ్లు ఏం గావాలె సార్?” అన్నాడు లింగస్వామి.

“నేనుండేది గూడ పల్లంలనే అన్నా. మా ఇంట్ల గూడ గిదే పరేషాన్.”

అంతకుముందు అక్కడివాళ్లు విసుక్కుంటే నాకు కోపం వచ్చేది. ఆ రోజు కోపం కూడా రాలేదు.

కొన్నాళ్లకు లింగస్వామి ఫోన్ చేశాడు. గొంతులో సంబరం. “అన్నా, రోడ్డు మీద మార్కింగ్ చేసిపోయిండ్రు! ఇగ చెక్కుడే.”

వెళ్లి చూశాను. అతని ఇంటి మూలకు ఆనుకుని సున్నంతో గీసిన చదరం, రోడ్డుకు అవతల మరో చదరం.

“రోడ్డు చెక్కడానికి ఇలా గీయరు లింగస్వామీ.”

“లైబ్రరీల రోడ్ల గురించి చదివినవు గని, ఆఫీసోళ్ల గురించి చదివినవా?” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ గుర్తుల మీద నమ్మకంతో అతను ఆగిపోయాడు.

రత్నకుమారి గారు ఆగలేకపోయారు. ఆవిడ వైపు వేరే గోడ కట్టి, ఉమ్మడి గోడ వెంట స్లాబు కోశాం. కట్టర్ మొదలవగానే లింగస్వామి ఇంట్లో గోడ అదిరింది. అతను తన వైపున్న దేవుడి పటాలు దించి, ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. రత్నకుమారి గారు కాఫీ తెచ్చి అతని పక్కన పెట్టారు.

“కోసుకో అక్కా. సారును తడవనియ్యకు,” అన్నాడు.

ఆవిడ ఇల్లు మూడడుగులు లేచింది. వానలకు ముందు ఆ చదరాల దగ్గర గుంతలు తవ్వారు. లేచినవి ఆర్చి స్తంభాలు. కాలనీవాళ్లెవరూ అడగని స్వాగత ఆర్చి. దాని కాలు ఒకటి లింగస్వామి మూలకు ఆనుకుంది. కింద పోసిన కాంక్రీటు అతని పునాదిలోకి పాకింది. ప్రారంభోత్సవానికి నాయకులు వస్తున్నారని, రోడ్డు మీది పాత తారును చెక్కకుండానే ఇంకో పొర వేశారు. మొదటి వానకే లింగస్వామి ఇంట్లోకి నీళ్లొచ్చాయి. భార్యాపిల్లలు సామాన్లతో రత్నకుమారి గారి ఇంటికి ఎక్కారు.

మరుసటి ఏడు అతను నన్ను పిలిచాడు. “చీటీ ఎత్తిన అన్నా. ఇగ లేపు.”

మూల దగ్గర తవ్వి చూశాను. జాకీ పెట్టాలంటే ఆర్చి కాంక్రీటు పగలగొట్టాలి. ఆ మూల వదిలి మిగతాది లేపితే గోడలు చీలిపోతాయి. ఆఫీసుకు మళ్లీ వెళ్లాం. పాత ఇంజనీరు బదిలీ అయ్యాడు. కొత్తాయన తల ఎత్తకుండానే, “అది గవర్నమెంటు ప్రాపర్టీ. ముట్టుకుంటే కేసవుతది,” అన్నాడు.

తిరిగొచ్చాక చెప్పాను, “ఈ ఇల్లు లేవదు లింగస్వామీ.” నా పనిలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

రత్నకుమారి గారు మెట్ల మీద నుంచి అడిగారు, “ఆ గోడ కోయకుండా ఉండుంటే ఏమన్నా వీలయ్యేదా మేస్త్రీ గారూ?”

“అప్పుడు రెండిళ్లూ ఆ ఆర్చికే అతుక్కుని ఉండేవమ్మా.”

లింగస్వామి ఆర్చి వైపు చూశాడు. పట్టపగలే దాని బల్బులు వెలుగుతున్నాయి. “సుస్వాగతం అని రాసింది మనకు కాదన్నా, నీళ్లకు.”

ఆ తరువాత నన్ను గడపకు అడ్డంగా మోకాలెత్తు గట్టు కట్టమన్నాడు. ఇళ్లు లేపే చేతులతో అది కట్టాను. ఆ ఇంట్లోవాళ్లు ఇప్పటికీ దాన్ని దాటే లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. వాన పెద్దదైతే నీళ్లు కూడా దాటుతున్నాయి.

ఇప్పుడు ఎవరు పిలిచినా నేను ముందు ఇల్లు చూడను. రోడ్డు అంచున సున్నం గీతలేమైనా ఉన్నాయా అని చూస్తాను. ఉంటే ఆఫీసుకు వెళ్లి అవి దేనికని అడుగుతాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.