నిండు సున్న

అరవై దాటేదాకా నాకు రాయడం రాలేదు. రాత మా నాన్నది, రంగు నాది. బడి గంట కొట్టే వేళకి మేమిద్దరం జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఏదో ఒక కొట్టు గోడ ముందు ఉండేవాళ్ళం. ఇప్పటికీ తడి సున్నం వాసన తగిలితే నా వేళ్ళు కుంచె కోసం తడుముకుంటాయి.

స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో మా వైపు గోడ మీద పెద్దక్షరాలు కావాలంటే నాన్నే రాయాలి. ఈతపుల్ల కొన నలగ్గొట్టి చేసిన కుంచె, దీపం మసిలో తుమ్మబంక కలిపిన నలుపు, జేగురు ఎరుపు, అంతే ఆయన సరంజామా. అచ్చు పుస్తకంలో వాటిలా బుద్ధిగా కూర్చునే అక్షరాలు కావవి. ఒకటి లావు, ఒకటి బక్క, అంచులన్నీ గరుకు, తలకట్లు ఎగరబోయే కాకి రెక్కల్లా లేచేవి. ఇనప కొట్టుకి రాస్తే మేకుల్లా బిగిసి నిలబడేవి, గానుగ వాళ్ళకి రాస్తే కొమ్ములు నూనె జారినట్టు సాగేవి, డేరా సినిమాకి రాస్తే తిరునాళ్ళలో ఆడపిల్లల్లా ఒకదాన్నొకటి తోసుకునేవి. చదువు రాని బండివాళ్ళు సైతం బెజవాడ రోడ్డు మీంచే ఆ వాలకం చూసి, ఏ కొట్టో పోల్చుకుని ఎద్దుల్ని ఆపేవాళ్ళు.

ఆయన బొగ్గుతో అంచు గీస్తే, దాని కడుపు నేను నింపేదాన్ని. కుంచె చేతికిచ్చిన కొత్తల్లోనే, శ్రావణమాసం అమ్మకాలకని నందిగామలో ఒక శెట్టిగారు బట్టల కొట్టు తెరిచారు. నాన్న మజ్జిగ తాగడానికి వెళ్ళినప్పుడు, సున్న మధ్యలో ఖాళీ వదలాలని తెలియక, ఊరి పేరులో ఉన్న సున్నని మొత్తం నల్లగా నింపేశాను. నాన్న తిరిగొచ్చేసరికే శెట్టిగారు బయటికొచ్చి చూశారు.

"ఏందయ్యా, ఊరి పేరుకి బొట్టు పెట్టావ్?"

నాన్న ఒక్కసారి నా మొహంలోకి చూశాడు.

"దిష్టిచుక్కండి. కొత్త కొట్టు గదా!"

శెట్టిగారు పడీపడీ నవ్వారు. "అయితే చెరపమాక."

ఆ తరవాత నాన్న రాసిన ప్రతి సున్నా నిండుగానే ఉండేది. ఆ సున్నని బట్టే అది ఆయన రాత అని జనం చెప్పేవాళ్ళు.

ఆ రోజు తిరుగు దారిలో అడిగాను. "నాన్నా, ఆ గోడ మీద ఏం రాసుంది? నాకూ నేర్పవా?"

"నువ్వు చదువుల్లో పడితే నాకు రంగు నింపేదెవరే, అమ్మడూ?"

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. నేను నింపిన ఆ గోడని ఒక్కసారైనా నా నోటితో నేను చదవాలన్న కోరిక, పెళ్ళయినా, మనవలు పుట్టినా నన్ను వదల్లేదు.

చివరికి పెద్దవాళ్ళ సాయంత్రం బడిలో చేరి, ఒకరోజు వాచకం ఆఖరి పాఠం అప్పజెప్పాను. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి నందిగామ వెళ్ళాను. గోడ లేదు. ఆ చోట సెల్‌ఫోన్ల కొట్టు. పైన ఫ్లెక్సీ మీద ఒకే మూసలో పోసిన నున్నటి అక్షరాలు. ఎవరి చెయ్యీ వాటిలో కనపడలేదు. రోడ్డు మీద నిలబడి వాటినే పైకి కూడబలుక్కుంటూ చివరిదాకా వెళ్ళాను.

"ఏం కావాలి మామ్మగారూ?" అంది కొట్టులో అమ్మాయి.

"ఏం వద్దమ్మా, చదువుకుంటున్నా."